తాళం గుట్టు చెప్పినవాడు దొంగా?

1

మొన్న వేసవి సెలవుల్లో ఖానాపురం హవేలిలో మా ఇంటి వరండాలో ఆరేడుగురు విద్యార్థులు కూచుని ఒక డాక్యుమెంటరీ చూశారు. నేనూ వాళ్ళతో కూచున్నాను. కంప్యూటర్ హ్యాకర్ల రహస్య చరిత్ర అని దాని పేరు, 2001లో తీసింది. బొమ్మ అయిపోయాక డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "సార్, ఇంతకీ వీళ్ళు దొంగలా, హీరోలా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. విషయం తెలియక కాదు. ఆ ప్రశ్నకు రెండేళ్ళ కింద నేనొక జవాబు చెప్పి ఉన్నాను. అది తప్పు జవాబు. దాని సంగతి చివర చెబుతాను. ముందు ప్రశ్ననే పరీక్షించాలి. ఎందుకంటే ఆ అమ్మాయి ఆ ప్రశ్న తనంత తాను వెయ్యలేదు. గంటసేపు ఆ బొమ్మ ఆమె చేత వేయించింది. దొంగా, హీరోనా అని అడగడంలోనే ఒక తత్వం ఇమిడి ఉంది: చరిత్రను నడిపేది వ్యక్తి; మంచివాడైతే మంచి జరుగుతుంది, చెడ్డవాడైతే చెడు జరుగుతుంది; సమాజం ప్రేక్షకుల్లో కూచుని చప్పట్లు కొట్టాలి, లేదా పోలీసుల్ని పిలవాలి. ఈ తత్వం మనకు కొత్తది కాదు. రాజుల కథల్లోనూ ఇదే, మన సినిమాల్లోనూ ఇదే. ఇప్పుడు దానికి నల్ల ముసుగు తొడిగి, వెనక తెర మీద ఆకుపచ్చ అంకెలు వర్షంలా కురిపిస్తున్నారు, అంతే తేడా.

2

ఆ చరిత్ర ఎట్లా మొదలవుతుందో చూడండి. ఒక ఈల. అమెరికాలో పిల్లల ఉపాహారం డబ్బాలో బహుమతిగా వచ్చిన బొమ్మ ఈల ఊదితే 2600 హెర్ట్జుల స్వరం వస్తుంది. ఆ స్వరం వింటే దూరప్రాంతపు టెలిఫోను తీగ ఖాళీ అయిందని యంత్రం భ్రమిస్తుంది. ఆపైన మరికొన్ని స్వరాలు తెలిసినవాడు డబ్బు కట్టకుండా ప్రపంచంలో ఎక్కడికైనా మాట్లాడవచ్చు. జాన్ డ్రేపర్ అనే ఆయనకు ఆ ఉపాహారం పేరే మారుపేరుగా నిలిచిపోయింది. 1971లో ఒక పత్రిక ఈ సంగతి రాసింది. అది చదివిన వోజ్నియాక్, జాబ్స్ అనే యువకులు ఆ స్వరాలు పలికే పెట్టెలు తయారుచేసి విద్యార్థి వసతిగృహాల్లో అమ్మారు. వారే తర్వాత యాపిల్ కంపెనీ పెట్టారు. కథ రమ్యంగా ఉంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు.

అయితే ఈల పనిచేయడానికి కారణమేమిటి? మాట నడిచే తీగ మీదనే ఆజ్ఞ కూడా నడిచేట్టు కంపెనీ తన వ్యవస్థను కట్టుకుంది. మనిషి గొంతూ, యంత్రానికిచ్చే హుకుమూ ఒకే దారిన పోతాయి. వేరే తీగ వెయ్యడానికి ఖర్చవుతుంది గనక అట్లా కట్టారు. అంతేకాదు, ఏ స్వరానికి ఏ అర్థమో 1954లోనూ 1960లోనూ ఆ కంపెనీ తన సాంకేతిక పత్రికలోనే అచ్చు వేసుకుంది. ఆ పత్రిక గ్రంథాలయాలకు పోయేది. అనగా రహస్యం ఎవరూ దొంగిలించలేదు. అరమరలో పెట్టి ఉన్నదాన్ని చదివారు. ఈ చిన్న వాస్తవం ఒక్కటి చెబితే ఈల మహిమ సగం తగ్గిపోతుంది, యజమాని బాధ్యత రెట్టింపవుతుంది. అంచేతనే కాబోలు, ఇటువంటి బొమ్మల్లో ఈలకు దొరికినంత చోటు ఈ వాస్తవానికి దొరకదు.

ఇంకా వెనక్కి పోదాం. హ్యాకర్ అనే మాట దొంగల సంఘంలో పుట్టలేదు. 1950ల చివర అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో బొమ్మ రైళ్ళ సంఘం ఒకటుండేది. రైలు పట్టాల బల్ల కింద టెలిఫోను స్విచ్చులతో అల్లిన తీగల అడవిని సవరించే కుర్రాళ్ళు, చమత్కారంగా చేసిన పనిని హ్యాక్ అనేవాళ్ళు. వాళ్ళ చేతికి టీఎక్స్-0 అనే కంప్యూటరూ, 1961లో పీడీపీ-1 అనే మరొకటీ వచ్చాయి. రాత్రంతా మేలుకుని వాటిమీద పనిచేశారు. వ్రాసినదాన్ని సొరుగులో పెట్టి, వచ్చినవాడు దిద్దుకోవచ్చన్నారు. ఇది సమష్టి శ్రమ, దాచుకోని విద్య. మనం గౌరవించవలసిన సంప్రదాయమే. కాని ఆ టీఎక్స్-0 ఎక్కడిది? సైనిక అవసరాల కోసం పనిచేసే లింకన్ ప్రయోగశాలలో కట్టింది. ఆ కుర్రాళ్ళ స్వేచ్ఛకు బత్తెం యుద్ధశాఖ పెట్టింది. ఆ స్వేచ్ఛనూ చూపాలి, ఆ బత్తెమూ చూపాలి. ఒకటి చూపి ఒకటి దాస్తే అది చరిత్ర కాదు, స్తోత్రం.

అట్లాగే 1946లో లోకానికి చూపిన ఎనియాక్ యంత్రానికి లెక్కలు నేర్పింది ఆరుగురు స్త్రీలు. చాలాకాలం ఫోటోల కింద వాళ్ళ పేర్లు కూడా వెయ్యలేదు. వాళ్ళను గురించి ప్రత్యేకంగా డాక్యుమెంటరీ రావడానికి 2014 దాకా పట్టింది. తాళం తీసిన ఒంటరి మగపిల్లవాడికి తెర మీద చోటుంది గాని, యంత్రాన్ని నడిపించిన ఆడవాళ్ళ గుంపుకు లేకపోయింది. చోటు ఎవరికివ్వాలో నిర్ణయించేది అభిరుచి మాత్రమే కాదు.

3

న్యాయం చెప్పాలంటే ఈ బొమ్మలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. 1984లో కాలిఫోర్నియాలో జరిగిన హ్యాకర్ల సమావేశంలో తీసి మర్నాటి ఏడు చూపిన చిత్రంలో వాళ్ళు మనుషుల్లాగే కనిపిస్తారు. సాఫ్ట్‌వేర్‌ను పంచుకోవాలా, అమ్ముకోవాలా అని నిజంగానే వాదించుకుంటారు. 1990 నాటి మరో చిత్రంలో బర్కిలీ ప్రయోగశాలలో లెక్కల్లో 75 సెంట్ల తేడా పట్టుకుని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు నెలల తరబడి వెంబడించి, జర్మనీలోని గూఢచారి దాకా పోతాడు. ఓపిక, లెక్క, కాగితాల పని — ఇవీ పరిశోధన అంటే అని ఆ చిత్రం నేర్పుతుంది. 2014లో వచ్చిన ఆరన్ స్వార్ట్జ్ జీవితం చూసి కన్నీళ్ళు పెట్టుకోనివాడు నాకు కనిపించలేదు. పరిశోధనా వ్యాసాల భాండాగారం నుంచి పెద్ద ఎత్తున వ్యాసాలు దించుకున్నందుకు అమెరికా ప్రభుత్వం అతని మీద కేసులు పెట్టింది. 2013 జనవరి 11న ఇరవై ఆరేళ్ళ వయసులో ఉరిపోసుకున్నాడు.

కాని ఇక్కడ కూడా ఒక చిక్కుంది. దొంగను అమరుణ్ణి చేసినంతమాత్రాన పద్ధతి మారలేదు. వెలిగే దీపం రంగు మారిందంతే. అతడు అడిగిన ప్రశ్న, ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలకు ఎందుకు తాళం వేసి ఉండాలి అన్నది, అతని సమాధి పక్కన నిలబడి ఏడ్చే మన ఏడుపులో మునిగిపోకూడదు.

కెవిన్ మిట్నిక్ కథ ఇంకా విచిత్రం. 1995 ఫిబ్రవరిలో పట్టుకున్నప్పుడు పత్రికలకు అతడు మహా ప్రమాదకారి. 2000 జనవరిలో విడుదలై, కొన్నాళ్ళకు కంపెనీలకు భద్రత నేర్పే సలహాదారయ్యాడు. 2023లో పోయేనాటికి గౌరవనీయుడు. అతని విద్య మారిందా? మారలేదు. ఆ విద్యకు జీతమిచ్చే చేయి మారింది. మన అమీర్‌పేట గోడల మీద "ఎథికల్ హ్యాకింగ్ నేర్పబడును" అని కాగితాలు అంటించేది కూడా ఈ మార్కెట్టు తర్కమే. యజమాని పిలిస్తే నీతి, పిలవకపోతే నేరం.

ఇక 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ సంగతి. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కర్మాగారపు యంత్రాలను పాడుచేసిన ఆ ప్రోగ్రాము అమెరికా, ఇజ్రాయెల్ ప్రభుత్వాల పనేనని లోకమంతా చెప్పుకుంది; ఆ ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. 2016లో దానిమీద వచ్చిన డాక్యుమెంటరీలో అధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి "మాట్లాడలేం" అంటారు. ఇంత పెద్ద తాళం పగలగొట్టినవాడికి తొడగడానికి ఏ టీవీ దగ్గరా ముసుగు లేదు. రాజ్యానికి ముసుగెందుకు? దానికి మౌనం చాలు.

4

అమెరికా దాకా పోనక్కరలేదు. మన హైదరాబాదుకు రండి.

2010లో వేమూరి హరిప్రసాద్ అనే హైదరాబాదు ఇంజనీరు, మిచిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్సుకు చెందిన రాప్ ఖోంగ్రైప్, ఇంకా కొందరు కలిసి మన ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్నొకదాన్ని విప్పి పరీక్షించారు. అంకెలు చూపే భాగాన్ని మార్చి, దూరం నుంచి ఫోనుతో ఫలితం తారుమారు చేయవచ్చనీ, జ్ఞాపకపు చిప్పు మీద చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చుననీ చూపి, ఎట్లా చేశారో వివరంగా ప్రకటించారు. 2009లోనే ఎన్నికల సంఘం ముందు ప్రదర్శన చేయడానికి పోతే అది మధ్యలో ఆగిపోయింది. తర్వాత పేరు చెప్పని వ్యక్తి ఒకరు యంత్రాన్ని అందించారు. అది ముంబైలో ప్రభుత్వ గోదాము నుంచి దొంగిలించిన యంత్రమన్న అభియోగంతో 2010 ఆగస్టు 21న పోలీసులు హరిప్రసాద్‌ను హైదరాబాదులో ఆయన ఇంటి దగ్గర అరెస్టు చేసి ముంబై తీసుకుపోయారు. వారం తర్వాత బెయిలు వచ్చింది. ఆ ఏడే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు మార్గదర్శక పురస్కారమిచ్చింది. ఒకే ఏడు, ఒకే మనిషి: ఇక్కడ దొంగ, అక్కడ మార్గదర్శి.

ఎన్నికల సంఘం వాదన కూడా వినాలి. బయటి గదిలో, యంత్రాన్ని ఇష్టమొచ్చినంతసేపు చేతిలో పెట్టుకుంటే ఏదైనా చేయవచ్చు. సీళ్ళు, కాపలా, పార్టీల ఏజెంట్ల సమక్షం ఉన్న నిజమైన ఎన్నికల్లో అది సాధ్యం కాదు అన్నారు. ఇది తోసిపుచ్చదగ్గ వాదన కాదు. పరిశోధకులు చూపింది అవకాశం. ఫలానా ఎన్నికలో మోసం జరిగిందని కాదు. ఈ తేడా చెరిపేసి, ఓడిన ప్రతిసారీ యంత్రం మీద నెపం వేసే పార్టీలు ఉన్నాయి. గెలిచాక అదే నోరు మూసుకుంటాయి. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు ఎన్నికల సంఘం దగ్గరికి హరిప్రసాద్‌ను వెంటబెట్టుకుని పోతే, పాత కేసు ఉన్న మనిషితో చర్చించమని సంఘం అభ్యంతరం చెప్పింది. ఒక పక్షానికి ఆయన ఆయుధం, మరో పక్షానికి ముద్దాయి. యంత్రం మాట ఎవరికీ పట్టలేదు.

అయినా ఆ వాదనల నుంచి ఒక మేలు జరిగింది. ఓటరు తన ఓటు కాగితం మీద చూసుకునే ఏర్పాటు తప్పనిసరి అని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సార్వత్రిక ఎన్నికల్లో దేశమంతటా ఆ కాగితపు యంత్రాలు పెట్టారు. కోర్టుకు పోయినవారు వేరు, ఉద్యమించినవారు వేరు, పరిశోధించినవారు వేరు. ఎవరో ఒక్కడి ఈల కాదు. లోపం చెప్పడం నేరమైతే ఆ కాగితం ముక్క ఈనాడు మన కళ్ళ ముందుకు వచ్చేది కాదు.

5

మా వీధిలో గ్రానైటు పాలిష్ పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. రాయి ఆయన వేళ్ళ మీది గీతలు తినేసింది. రేషను దుకాణంలో యంత్రం మీద బొటనవేలు పెడితే ఒకసారి ఒప్పుకుంటుంది, మూడుసార్లు కాదంటుంది. "నా వేలు నాది కాదంటుందయ్యా" అంటారు నవ్వుతూ. ఆయన దృష్టిలో ఆ పెట్టె తప్పు చెయ్యదు. తప్పు తన వేలిది. యంత్రం ముందు మనిషి తలవంచడం ఇంత సులువుగా అలవాటయింది. పటేలు, పట్వారీల కాలంలో రాత తెలిసినవాడి దస్తరం ముందు ఇట్లాగే తలవంచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు అప్పుపత్రాలు తగలబెట్టింది కాగితం మీద కోపంతో కాదు; ఆ కాగితం మీద ఏముందో తమకు చదివి వినిపించే దిక్కు లేక.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. రాసింది అంబర్ సిన్హా, హైదరాబాదు పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో, అందులో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ చెల్లింపులవీ చంద్రన్న బీమావీ ఉన్నాయి, సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు, 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు బహిరంగంగా కనిపిస్తున్నాయని చెప్పింది. మన భద్రాచలం అడవి అంచున కూనవరం, చింతూరు వంటి మండలాలు 2014లో ఆంధ్రలో కలిశాయి. అక్కడ మట్టి మోసిన ఆదివాసీ కూలి లెక్కలు కూడా ఆ ప్రభుత్వం పట్టికల్లోకే పోయాయి. తన పేరున లోకానికి ఏం కనిపిస్తున్నదో ఆమెకు చెప్పినవారెవరు? ఆధార్ ప్రాధికార సంస్థ ఏం చేసింది? నివేదిక వేసినవారికే లేఖ రాసింది: ఈ సమాచారం హ్యాకింగ్ లేకుండా దొరకదు గనక, ఆ పని చేసినవారి వివరాలివ్వండి అని. తలుపు తీసి పెట్టినవాడిని విడిచి, తలుపు తీసి ఉందన్నవాడిని పట్టుకోవడమంటే ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. లేకపోతే నాది కూడా స్తోత్రమే అవుతుంది. 2018లో తెలంగాణలోనే సిమ్ కార్డులమ్మే యువకుడొకడు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దొరికిన దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు చలామణీ చేశాడన్న నేరం మీద అరెస్టయ్యాడు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికి చేశాడట. ఇది నేరమే. ఊరూ పేరూ తెలియని మనుషుల వేళ్ళు వాళ్ళకు తెలియకుండా వాడుకున్నాడు. అయినా అడగాలి: ఆ వేళ్ళను బజార్లో ఆరబెట్టినవారెవరు? ఆ లక్ష్యం పెట్టినవారెవరు? వార్తల్లో అతని ముఖం ఒక్కటే కనిపించింది.

6

మరయితే హద్దెక్కడ? అనుమతి లేకుండా తాళం ముట్టుకోవడం ఎప్పుడు న్యాయం? మన చట్టం కూడా ఈ ప్రశ్న ముందు తడబడింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 66వ సెక్షనుకు హ్యాకింగ్ అనే పేరే ఉండేది. 2008 సవరణతో ఆ మాట పోయింది. వంచనతోనో దురుద్దేశంతోనో చేస్తేనే నేరమన్నారు. అంటే ఉద్దేశం చూడమని చట్టమే చెబుతున్నది.

ఉద్దేశం ఒక్కటి చాలదని నేనంటాను. ప్రతివాడూ తన ఉద్దేశం మంచిదంటాడు. నాకు తోచే కొలత మూడు ప్రశ్నలు. ఆ పని వల్ల నష్టపోయేది ఎవరు: సిగ్గుపడే సంస్థా, సమాచారం పోగొట్టుకునే సామాన్యుడా? తెలిసింది ఎవరి చేతిలో పెట్టాడు: అందరి ముందు పెట్టాడా, కొనేవాడికి అమ్మాడా? పేరు పెట్టుకుని జవాబుదారీగా నిలబడ్డాడా, అవసరానికి మించి ఒక్క కాగితమైనా తీసుకున్నాడా? ఈ కొలతకు సిమ్‌ల యువకుడు నిలవడు. స్టక్స్‌నెట్ వేసిన ప్రభుత్వాలు నిలవవు. 2017 నివేదిక నిలుస్తుంది. "గుట్టు చెబితే దొంగలకు దారి చూపినట్టు కాదా?" అని అడుగుతారు. కొంత నిజం. అందుకే ముందు సంస్థకు చెప్పాలి, సరిచేసుకోవడానికి గడువివ్వాలి. కాని సంస్థ చెవినబెట్టనప్పుడు మౌనం తటస్థత కాదు. దొంగకు ఆ దారి మనకంటే ముందే తెలిసి ఉంటుంది, తెలియనిది ఇల్లుగలవాడికి.

మంచి డాక్యుమెంటరీ ఈ మూడు ప్రశ్నలతో మొదలవ్వాలి. తాళం తీసినవాడి బాల్యం చూపండి, తప్పులేదు. కాని తాళం కొన్నదెవరో, ఎంతకు కొన్నారో, నాసిదని తెలిసీ ఎందుకు ఊరుకున్నారో, లోపల ఎవరి సొత్తుందో కూడా చూపండి.

7

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళ కింద నేను పనిచేసిన కళాశాలలో ఒక కుర్రాడు తన మార్కులు చూసుకుంటూ, వెబ్‌సైటు చిరునామాలో తన సంఖ్య చివరి అంకె మార్చి చూశాడు. పక్కవాడి మార్కులు, తండ్రి పేరు, కులం, ఫోను నంబరు అన్నీ వచ్చాయి. భయపడి మూసేసి, ఆఫీసుకు పోయి చెప్పాడు. హ్యాకింగ్ చేశాడని వాణ్ణి నిలదీశారు. సర్దిచెప్పమని నన్ను పిలిచారు. నేను సర్దాను: నా పెన్నుతో, నా మాటలతో వాడి చేత క్షమాపణ పత్రం రాయించాను. "నీ భవిష్యత్తు కోసమేరా" అన్నాను. సమానత్వం గురించి పాఠం చెప్పే నోటితోనే అన్నాను. వాడు సంతకం పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి ప్రశ్న విన్న రాత్రి వాడికి ఫోను చేశాను. హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉన్నాడు. నాదే తప్పన్నాను; ఆ కాగితం వెనక్కి తీసుకునే మార్గం చూస్తానన్నాను. కాసేపు ఊరుకుని, "పోనీండి సార్, కాగితం సంగతి వదిలేయండి. ఆ సైటు సరిచేశారా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళలో ఆ ప్రశ్న అడగాలని నాకు తోచనే లేదు. మర్నాడు ఆ ఆఫీసుకు పోయి లిఖితపూర్వకంగా అడిగాను. పత్రం అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు.